పైడమ్మ పెద్దమ్మ ముట్టనన్న పన్ను

మలేషియాలోని ఈపోలో నేను వెళ్ళే పళ్ళ డాక్టరు గదికి గాజు తలుపు. అది తెరుచుకున్నప్పుడల్లా లోపలి చలిగాలితో పాటు లవంగనూనె వాసన బయటికి వచ్చి నా ముక్కు పట్టుకుంటుంది. ఆరు నెలలకోసారి చిగుళ్ళు శుభ్రం చేయించుకోవడానికి అక్కడ కూర్చుంటాను. మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కుదురుగా ఉంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే కాలు నిలవదు. మడమ నేలకేసి తాటిస్తూనే ఉంటుంది. నాలుక నా మాట వినకుండా పోయి కింది వరసలో ముందు పళ్ళని ఒక్కొక్కటే నెట్టి చూస్తుంది. పోయిన వారం పక్క కుర్చీలోని చైనా ముసలాయన విసుగెత్తి నా మోకాలి మీద చెయ్యి వేసి అదిమాడు. "భయపడకు లా, నొప్పేమీ ఉండదు" అన్నాడు మలయ్‌లో. భయమైతే బాగుండేది, భయానికి మత్తుసూది ఉంది. ఆ వాసనకి నాకు గుర్తొచ్చేది డాక్టరు కుర్చీ కాదు. సుంగై సిపుట్‌లో మా పక్కింటి వసారా, అక్కడి రాతిరోలు, దాని ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని లవంగాలు దంచుతున్న పైడమ్మ పెద్దమ్మ.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. రబ్బరు తోట మూసేసి, లయం ఇళ్ళు, అంటే కూలీల వరస ఇళ్ళు, ఖాళీ చేయించి, మమ్మల్ని ఊరి అంచున చవక ఇళ్ళలోకి పంపినప్పుడు ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకే గోడ వచ్చింది. ఆ గోడ ఎంత పలచనంటే నేను ఇటు తుమ్మితే ఆవిడ అటునుంచి "నూరేల్లు" అనేది. అంతకుముందు తోటలోనూ మాకు నాలుగిళ్ళ అవతలే ఉండేది. నన్ను ఎత్తుకు తిరిగిన చేతులు అవి. పొట్టి మనిషి. నవ్వితే కింది పెదవి ఒక పక్కకి జారిపోయేది. మా వైపు ముసలమ్మలు చాలామందిలాగే అడ్డపొగ పీల్చేది, అంటే వెలిగించిన చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. నాకు ఆరేళ్ళప్పుడు అది చూసి, పైడమ్మ పెద్దమ్మ నిప్పు తింటుందనీ, రాత్రి ఆవలిస్తే ఇల్లంతా వెలుగొస్తుందనీ తోటంతా చెప్పుకొచ్చాను. సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చింది. మా అమ్మ చీపురు తీసింది. పెద్దమ్మ ఆ చీపురు లాక్కుని పక్కన పెట్టి గుమ్మంలో చతికిలబడింది.

"ఏరా అప్పన్నా, నాను నిప్పు తింటన్నానంట? ఏదీ, నాకూ సెప్పు. ఎలగ తింటన్నాను?"

నేను చెప్పాను. ఆవిడ నోరు తెరుచుకుని విన్నది, వెలుగొచ్చే దగ్గర కళ్ళు పెద్దవి చేసింది, చివర్లో "ఆవలిస్తే సాలదురా, తుమ్మినానంటే సెట్లే కాలిపోవాల" అని కథకి ఒక మెట్టు కూడా వేసింది. నా బతుక్కి ఎవరైనా దారి వేశారంటే ఆ సాయంత్రం ఆవిడే వేసింది. చదువు అబ్బలేదు గానీ చెప్పడం అబ్బింది. ఇరవై ఏళ్ళకు పైగా నేను ఫ్యాక్టరీ బస్సు నడుపుతున్నాను. సుంగై సిపుట్‌లో మనుషుల్ని ఎక్కించుకుని ఈపో దగ్గరి చేతితొడుగుల ఫ్యాక్టరీలో దింపడం నా పని. అందరూ ఆడవాళ్ళే, చాలామంది మనవాళ్ళూ తమిళులూ. దారి నలభై నిమిషాలు. నలభై నిమిషాలు నోరు కట్టుకుని కూర్చోవడం నా జాతకంలో రాసి లేదు. ఏనుగు చెయ్యెత్తి బస్సు ఆపిన కథ, మా తాత పులికి తమలపాకు చుట్టి ఇస్తే అది సున్నం తక్కువైందని అలిగిన కథ, అన్నీ ఆ రోడ్డు మీద పుట్టినవే. "బోహోంగ్ లా అన్నా!" అని వెనకనుంచి అరుస్తారు, అంతా అబద్ధం అని. అరిచినవాళ్ళే మర్నాడు ముందు సీటు కోసం తోసుకుంటారు.

పెద్దమ్మ చిగుళ్ళ మందు ఆవిడకి తల్లి నుంచి వచ్చింది. వేపబెరడు, లవంగం, ఉప్పు, ఎండబెట్టిన జామాకు, వీటన్నిటికీ పైన తాను పీల్చి వదిలిన చుట్టపీకల్ని కాల్చిన బొగ్గు. పొడి నల్లగా ఉండేది. ఆదివారం పొద్దున వసారాలో మనుషులు కూర్చునేవారు. ఆవిడ పద్ధతి ఆవిడకి ఉంది. ముందు బొటనవేలూ చూపుడువేలూ పెట్టి ఒక్కొక్క పన్నునీ పట్టుకుని కదిపి చూసేది. తర్వాత వేలికి తెల్లటి పాత పంచె ముక్క చుట్టుకుని చిగురంతా ఒకసారి రాసి, ఆ గుడ్డని ఎండలో పట్టుకుని మనిషికి చూపించేది. ఎర్రగా ఉంటే పొడి. వరసగా మూడు ఆదివారాలు గుడ్డ తెల్లగా వస్తే వైద్యం అయిపోయినట్టు. అప్పుడు పిడికెడు వేయించిన శనగలు చేతిలో పోసి నమలమనేది.

ఇదంతా పన్ను కదలకపోతేనే. పన్ను కదిలిందా, గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టేసేది. "దీన్ని నాను ముట్టను. గోర్మెంటు ఆసుపత్రికి ఎల్లు." బతిమాలినా, కోప్పడినా అంతే. ఒకసారి తెలుక్ ఇంటాన్ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషినీ అలాగే పంపేసింది. ఆయన గేటు దగ్గర నిలబడి తిట్లు మొదలుపెడితే, నాకు ఆగక గోడ మీంచి అడిగాను, అంత దూరం నుంచి వచ్చాడు, కాస్త పొడి ఇస్తే నీ సొమ్మేం పోయిందని.

"ఊగే గుంజకి పందిరేత్తావేటిరా నువ్వు?" అన్నది. "మా అమ్మ ఒకసారి అలాటి పన్ను ముట్టింది. ఆ మనిసి పేరు సచ్చేదాకా నోట పలకలేదు. నన్ను అడక్కు."

ఇది గుర్తుంచుకోండి. ఆవిడని వెర్రి నాటువైద్యం చేసిన ముసలమ్మగా అనుకునేవాళ్ళు నాకు తెలుసు. ఆవిడ చెయ్యి ఎక్కడ ఆగాలో ఆవిడకి తెలిసినంతగా, స్టీరింగు ముందు నా కాలు ఎక్కడ ఆగాలో నాకు తెలియదు.

నలభై దాటాక నా చిగుళ్ళు మొరాయించాయి. పళ్ళు తోముకుంటే బేసినంతా ఎరుపు. పొద్దున లేస్తే నోరు తుప్పు వాసన. ఆ తర్వాత కింది ముందు పన్ను ఒకటి కదలడం మొదలైంది. బస్సు గతుకులో పడితే అది నా కంటే ముందు దుముకుతున్నట్టుండేది. కథ చెబుతూ చెబుతూ నాలుక దాని దగ్గర ఆగిపోయేది. పళ్ళూడిన డ్రైవరు పులి గురించి చెబితే ఎవరు వింటారు? నిద్రలోనూ పన్ను నెట్టుకుంటున్నానని మా ఆవిడ చెప్పింది.

పెద్దమ్మ ఆ పన్ను పట్టుకుని ఒక్కసారి కదిపింది. గుడ్డ తియ్యనైనా లేదు.

"ఎల్లు."

"డాక్టరు కాడికి నానెల్లను పెద్దమ్మా. ఆ గొట్టం చప్పుడు ఇంటే నా పానం పోతాది. నువ్వే సూడు."

"మీసాలొచ్చినాయి గానీ బుద్ది రాలేదు. ఎల్లమంటన్నానా!"

వదల్లేదు నేను. చివరికి నా పోరు పడలేక, రక్తం కారడానికి మాత్రమే అని నూటొక్కసారి చెప్పి పొడి పొట్లం కట్టి ఇచ్చింది. పన్ను మాట తనని అడగొద్దంది. రెండు వారాలు రాశాను. రక్తం నిజంగానే తగ్గింది. పన్ను మాత్రం ఊగుతూనే ఉంది, పైగా పక్కపన్ను కూడా దానికి తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం, ఫ్యాక్టరీ దగ్గర బస్సు పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా ఈపోలో ఆ గాజు తలుపు తోశాను. డాక్టరు మలయ్ అమ్మాయి, సన్నటి గొంతు. చిగురు కింద గట్టిపడిన పాచి పేరుకుని ఎముకని తినేస్తోందనీ, లోపలికంటా గీకి శుభ్రం చెయ్యాలనీ చెప్పింది. నాలుగుసార్లు పిలిచింది, నాలుగుసార్లూ వెళ్ళాను. బస్సులో మాత్రం డాక్టర్లంటే లెక్కలేనివాడిలాగే మాట్లాడాను. ఇంట్లో మా ఆవిడకీ చెప్పలేదు. పెద్దమ్మ పొడీ మానలేదు, పొద్దునా సాయంత్రం రాసేవాణ్ణి.

మూడు నెలలకి పన్ను బిగిసింది. పెద్దమ్మ ఒక ఆదివారం దారినపోతున్నవాణ్ణి పిలిచి, పట్టుకుని కదిపింది. కదల్లేదు. మళ్ళీ కదిపింది. పక్కదాన్ని కదిపింది. వేలికి గుడ్డ చుట్టి రాసింది, తెల్లగా వచ్చింది. ఆ గుడ్డని ఎండలో అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు నిలబడిపోయింది.

"ఆసుపత్రికి ఎల్లినావేటిరా?"

ఆ క్షణం గురించి ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను. అప్పటికి ఆదివారాలు వసారాలో ఇద్దరో ముగ్గురో కూర్చునేవారు. కుర్రకారు నల్లపొడిని చూసి ముక్కు చిట్లించేవారు. ఆవిడ ముఖంలో నేను అంతకుముందు చూడనిదొకటి కనబడింది. తల్లి దగ్గర నేర్చుకున్నది తల్లిని మించి పోయిందేమోనన్న ఆశ, దాన్ని నమ్మడానికి జంకు. ఆ ఆశని ఆర్పలేకపోయాను. ఇవ్వడానికి నా దగ్గర ఎప్పుడూ ఉండే సరుకు కథే కదా.

"నాను? డాక్టరు కాడికా? నీ పొడే పెద్దమ్మా" అన్నాను.

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

ఆవిడ నా చేతిలో శనగలు పోసింది. పిడికెడు కాదు, దోసెడు.

ఆ తర్వాత బస్సులో ఆగుతానా? మొదటిరోజు పెద్దమ్మ పొడితో పన్ను బిగిసిందని చెప్పాను. రెండోరోజు ఆ పన్నుతో ముళ్ళ దురియన్ పండు చీల్చాను. వారం తిరిగేసరికి బస్సు కొండెక్కలేక ఆగిపోతే తాడు పళ్ళతో పట్టుకుని, నలభైమంది ఆడవాళ్ళతో సహా పైదాకా లాగేశాను. బస్సు ఊగిపోయేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వేది నూకాలు. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చునేది. తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ బయటపెట్టి, ఎదురొచ్చే లారీవాడు ఉలిక్కిపడేలా నవ్వేది. ఆ నవ్వు కోసం కథకి ఇంకో మెలిక వేసిన రోజులు ఉన్నాయి. ఆవిడకి షుగరు. కింది పళ్ళు రెండు కదులుతున్నాయి. ప్రభుత్వ క్లినిక్‌లో చూపించుకోవడానికి రోజు కూడా ఇచ్చి ఉన్నారు. ఇవేవీ అప్పుడు నాకు తెలియవు.

నూకాలు క్లినిక్కి వెళ్ళే బదులు పైడమ్మ పెద్దమ్మ వసారాకి వచ్చింది. ఆ ఆదివారం నేను గోడకి ఇవతల బస్సు అద్దాలు తుడుస్తున్నాను. పెద్దమ్మ నోరు తెరవమనడం, తర్వాత ఆగిపోవడం నాకు వినబడింది. గుడ్డ మడిచే చప్పుడు వినబడదు కదా, అందుకే మాట కోసం ఎదురుచూశాను. "దీన్ని నాను ముట్టను" అనాలి. అనలేదు.

"అప్పన్నది కూడా ఇలగే ఊగినాది" అన్నది చివరికి. "సూద్దాం అమ్మా. మూడు నెల్లు పడతాది. మానకుండా రాయాల."

నేను గోడ దాటి వెళ్ళి ఉండవచ్చు. నాలుగడుగులు. అద్దం తుడుస్తూ ఉండిపోయాను. తుడిచిందే తుడిచాను.

వారాలు గడిచాయి. గుడ్డ తెల్లగానే వస్తోందని నూకాలే బస్సులో సంతోషంగా చెప్పింది. నేను ఔననీ కాదనీ అనలేక హారను కొట్టాను, ఎదురుగా ఎవరూ లేకపోయినా. ఒక సోమవారం ఆవిడ సీటు ఖాళీ. మంగళవారం కూడా. దవడ వాచి కన్ను మూసుకుపోయిందనీ, జ్వరం తగ్గక పెద్దాసుపత్రిలో చేర్చారనీ పక్క సీటామె చెప్పింది. చీము మెడలోకి దిగబోతుంటే ఆపారట. నాలుగు పళ్ళు తీసేశారు. మనిషి బతికింది.

ఆ వారం పెద్దమ్మ ఇంట్లో రోలు ఆగలేదు. గోడకి ఇటు పడుకున్న మాకు దంచుతున్నట్టే వినిపించేది. పాత పొడి పారబోసి కొత్తది చేసింది. వేరే చెట్టు బెరడు తెప్పించింది. లవంగం పుచ్చిందేమోనని ఒక్కొక్కటే కొరికి చూసింది. నూకాలుని చూడ్డానికి ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే బస్సులోనే తీసుకెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఇంజను ఇంకా తిప్పకముందే మొదలుపెట్టింది.

"ఒరే అప్పన్నా. నీ పన్ను బిగిసినాది. దానివి ఊడిపోనాయి. అదే పొడి, అదే సెయ్యి. నాను ఎక్కడ తప్పినాను సెప్పు. ఉప్పు ఎక్కువేసినానా? దానికి షుగరని ముందే అడిగుండాలా? నీకు సేసింది దానికి సెయ్యనిది ఏటున్నాది? బాగా గుర్తుతెచ్చుకుని సెప్పరా."

తప్పు తనలో వెతుక్కుంటోంది. దొరికేదాకా వెతికేలా ఉంది.

"నువ్వెక్కడా తప్పలేదు పెద్దమ్మా. నాను డాక్టరు కాడికి ఎల్లినాను."

"ఎప్పుడు?"

"నీ పొడి రాస్తన్నప్పుడే. నాలుగుసార్లు."

ఆవిడ నా వైపు చూడలేదు. ఎదురుగా అద్దంలోంచి ఆసుపత్రి గేటు కేసి చూసింది. ఒక అంబులెన్సు లోపలికి వచ్చింది, ఒకటి బయటికి వెళ్ళింది.

"నానడిగినాను కదరా" అన్నది. "ఎల్లినావేటిరా అని అడిగినాను కదా."

నన్ను కొట్టి ఉంటే తేలికయ్యేది. ఆవిడ కొంగు సర్దుకుని, "ఆ డాక్టరు కాడికి తీసుకెల్లు" అంది.

అలా పైడమ్మ పెద్దమ్మ ఆ గాజు తలుపు తోసింది. కుర్చీలో కూర్చోనంది, నిలబడే ఉంది. కొంగులోంచి పొట్లం తీసి బల్ల మీద విప్పి, ఏమేం ఉన్నాయో మలయ్‌లో ఒకటొకటి చెప్పింది. ఎగతాళి చేస్తుందని నేను పిడికిళ్ళు బిగించుకుని ఉన్నాను. డాక్టరు ఎగతాళి చెయ్యలేదు. లవంగం దగ్గర తల ఊపింది, తన అలమరాలోని సీసా తీసి వాసన చూపించింది. పెద్దమ్మ కళ్ళు ఒక్క క్షణం మెరిశాయి. ఉప్పు నీళ్ళు తనూ పుక్కిలించమంటానంది డాక్టరు. బొగ్గు దేనిదని అడిగింది.

"పొగాకుది."

డాక్టరు చేతిలో పెన్ను కింద పెట్టింది. "ఆంటీ, పొగాకు తగిలితే చిగురులో రక్తం తక్కువ కనబడుతుంది. రక్తం కారకపోయేసరికి రోగం పోయిందనుకుంటారు. లోపల ఎముక పోతూనే ఉంటుంది. ఆ పొడి మానెయ్యండి. మీరు పొగ తాగడం కూడా."

"అయితే గుడ్డ తెల్లగా రావడం..." అని పెద్దమ్మ ఆగిపోయింది.

"గుడ్డ తెల్లగా వచ్చింది నిజమే ఆంటీ. అంతమాత్రాన లోపల బాగుందని కాదు."

తిరుగు దారిలో ఆవిడ వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కూర్చుంది. ఎన్ని ఆదివారాలు, ఎన్ని గుడ్డలు, ఎంతమంది నోళ్ళు. నేను లెక్క అడగలేదు. "మా అమ్మకి ఎవులు సెప్పాల" అన్నది ఒకసారి, ముప్పై ఏళ్ళ కిందట పోయిన తల్లి గురించి.

రెండు వారాల తర్వాత సోమవారం పొద్దున నేను బస్సు తియ్యబోతుంటే పెద్దమ్మ మెట్లెక్కింది. ఉతికిన చీర, చేతిలో ఏమీ లేదు. ముందు సీట్లో కూర్చుంది. నూకాలు తిరిగి పనికి వచ్చిన మొదటిరోజు అది. మూడో వరసలో కిటికీ పక్కనే కూర్చుంది, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని.

"సెప్పు" అంది పెద్దమ్మ నాతో. "కతలన్నీ ఈలకే సెప్పినావు. ఇదీ ఈలకే సెప్పు."

నేను ఇంజను ఆపి లేచి నిలబడ్డాను. నా పన్ను బిగిసింది డాక్టరు దగ్గర నాలుగుసార్లు గీకించుకున్నాక అని చెప్పాను. పెద్దమ్మకి అబద్ధం చెప్పాననీ, ఊగే పన్ను ఆవిడ ఎప్పుడూ ముట్టనిదనీ, నా వల్లే ముట్టిందనీ చెప్పాను.

బస్సంతా నవ్వింది.

"బోహోంగ్ లా అన్నా! డాక్టరుని సూస్తే నువ్వు పారిపోవా?" అని ఒకామె. "ఆ డాక్టరు పులేనేటి?" అని ఇంకొకామె. నేను ఒట్టు వేశాను. ఇంకా నవ్వారు. నా నోట నిజం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు. వాళ్ళెప్పుడూ చూసి ఉండలేదు.

పెద్దమ్మ లేచి వాళ్ళ వైపు తిరిగింది. సీటు కమ్మీ పట్టుకుంది. "నవ్వకండే. ఈడు సెప్పింది నిజిం. నాను ఈడి మాట నమ్మినాను. మా అమ్మ సెప్పిన మాట దాటినాను. నూకాలు పల్లు ఊడినాయంటే నాను ముట్టినందుకే. మీలో ఎవులికి పన్ను ఊగినా నా గుమ్మం తొక్కకండి. రగతం ఆగినా సరే డాక్టరుకి సూపించండి. ఆ నల్లపొడి ఇంట్లో ఉంటే పారబోయండి."

ఎవరూ నవ్వలేదు. నూకాలు కొంగు తియ్యకుండానే మాట్లాడింది, మాట గాలి పోతూ వచ్చింది.

"అన్నా, నువ్వు బస్సు లాగినావంటే నాను నమ్మలేదు. దురియన్ కొరికినావంటే నమ్మలేదు. పన్ను బిగిసినాదంటే నమ్మినాను. అదొక్కటీ ఎందుకు కల్పించినావన్నా?"

నేను వెనక్కి తిరిగి నా సీట్లో కూర్చున్నాను. పెద్దమ్మ నా తరఫున మాట్లాడలేదు. పోయి నూకాలు పక్కన కూర్చుంది, ఫ్యాక్టరీ దాకా ఆ మూడో వరసలోనే కూర్చుని వచ్చింది. నలభై నిమిషాలూ నేను గేర్లు తప్పు వేశాను.

చుట్ట మానెయ్యడం ఆవిడకి వైద్యం మానడం కంటే కష్టమైంది. వక్కపలుకు బుగ్గన పెట్టబోతే అదీ వద్దన్నారు. సోంపు గింజలు నములుతూ, నన్నూ లోకాన్నీ తిట్టుకుంటూ గడిపింది. పొడి కొట్టడం మానేసింది. ఆదివారం పొద్దున వసారాలో కూర్చోవడం మాత్రం మానలేదు. ఎవరైనా వస్తే పన్ను కదిపి చూసి, కదిలినా కదలకపోయినా క్లినిక్ రోజెప్పుడో కనుక్కుని, ఒంటరిగా వెళ్ళడానికి జంకేవాళ్ళని నా బస్సెక్కించేది. నూకాలుకి కట్టుడు పళ్ళు కొలత తీసిన రోజు తోడు వెళ్ళింది ఆవిడే. పళ్ళు వచ్చాక నూకాలు నవ్వింది, మళ్ళీ బస్సులోనే, వేరెవరో చెప్పిన దానికి. మునుపటిలా తల వాల్చి కాదు. చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ తర్వాత రెండేళ్ళు పెద్దమ్మ నాతో మామూలుగానే ఉంది. కూర పంపేది, గోడకి అటునుంచి పోట్లాడేది. నేను చెప్పే కథలూ విన్నది. ఆఖరి రోజుల్లో గుండె బలహీనపడి మంచం పట్టింది. ఒక పొద్దున నేను గంజి తాగిస్తుంటే గిన్నె పక్కకి నెట్టి, నా గడ్డం పట్టుకుని, పాత అలవాటుగా ఆ కింది పన్నుని రెండు వేళ్ళతో కదిపింది. అది కదల్లేదు.

"ఒరే. డాక్టరమ్మ గీకింది, సరే. నా పొడీ రాసినావు కదా, మూడు నెల్లు. పొగాకు తప్పే, ఒప్పుకున్నాను. వేపా జామా ఉన్నాయి కదా అందులో. అయ్యి ఏటీ సెయ్యలేదా? ఒక్క రవ్వైనా?"

నా నాలుక మీద ఇరవై జవాబులు వరసకట్టాయి. చేసింది పెద్దమ్మా, సగం నీదే, డాక్టరే అన్నది అని. ఏది చెప్పినా ఆవిడ ఆ పొద్దున నవ్వుకుంటూ గంజి తాగేది. ఆవిడ వేళ్ళు ఇంకా నా నోట్లోనే ఉన్నాయి.

"తెల్దు పెద్దమ్మా" అన్నాను. "రెండూ ఒకేపాలి సేసి కలిపేసినాను. ఇప్పుడు ఎవులికీ తెల్దు."

ఆవిడ వేళ్ళు తీసి దుప్పటికి తుడుచుకుంది.

"నువ్వు దాసకపోతే నాకు తెలిసుండును" అన్నది. కోపం లేదు ఆ గొంతులో. పోగొట్టుకున్న వస్తువు ఎక్కడ పడిపోయిందో తెలిసిన మనిషి గొంతు అది. తర్వాత గిన్నె అందుకుంది, చల్లారిపోయినా తాగింది. నెల తిరక్కుండా వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న నా దగ్గర ఉండిపోయింది. నిలబడనివ్వదు. డాక్టరుని అడిగాను, వేప గురించి తనకి తెలిసింది చెప్పింది గానీ నా నోటి సంగతి తనూ తేల్చలేనంది. పులి కథలు ఇప్పటికీ చెబుతున్నాను, పులికి దానివల్ల నష్టం లేదు. కానీ బస్సులో ఎవరైనా ఫలానా కషాయం తాగితే మోకాళ్ళ నొప్పి పోయిందనో, ఫలానా మాత్రతో షుగరు దిగిందనో అంటే మాత్రం నేను బ్రేకు మీద కాలు పెట్టి అద్దంలోంచి చూస్తాను.

"దాంతో పాటు ఇంకేటి వాడినావు?"

"ఇంకేటీ లేదన్నా."

"డాక్టరు కాడికి ఎల్లలేదా?"

"అయ్యో, ఎల్లినాను లెండి. అయితే ఏటి?"

"ఎన్నిసార్లు? ఏ మందిచ్చినాడు? అందరికీ ఇనబడేలాగ సెప్పు."

వాళ్ళు విసుక్కుంటారు. డ్యూటీకి టైమవుతోందని అరుస్తారు. వెనకనుంచి వచ్చిన లారీ హారను కొడుతుంది. చెప్పేదాకా నేను గేరు వెయ్యను.